రత్నరాజు అంకుల్ ముగించని ప్రార్థన

రత్నరాజు అంకుల్ యేసు ప్రభువును వదిలేశారని న్యూజిలాండ్‌లోని టౌరంగాలో తెలుగువాళ్ళందరూ చెప్పుకున్నారు. ఏదో కొత్త గుంపులో చేరారని కొందరు, అసలు ప్రార్థనే మానేశారని కొందరు. ఈ మాట హామిల్టన్‌లో ఉన్న మా అక్క దగ్గరికి చేరేసరికి, ఆయన మౌంట్ మాంగనూయి బీచ్‌లో ఎవరో ముసలి దొర చేతి మీదుగా మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నారని తయారైంది. ఆ దొర పేరు బరబ్బ అని కూడా అక్క చెప్పింది. ప్రభువుకు బదులుగా జనం విడిపించమని అరిచిన బందిపోటు పేరది. ఆ పేరు పలికి, అక్క ఫోన్లోనే స్తోత్రం చెప్పుకుంది.

ఇదంతా ఊరి పక్క పాపమోవాలో, మా సంఘంలోని జెరెమీ కొత్త ఇంటి ప్రార్థన దగ్గర మొదలైంది.

మా ప్రార్థనలకు ఒక పద్ధతి ఉంది. ఎంతసేపు చేసినా చివరికి 'యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ' అనాలి. ఆ మాట వినపడగానే అందరూ ఒక్కసారిగా ఆమెన్ అంటారు, కళ్ళు తెరుస్తారు, ప్లేట్లు అందుకుంటారు. ఆ మాట రాకముందే కళ్ళు తెరిచేది చిన్నపిల్లలే. ఆ రోజు రత్నరాజు అంకుల్ ఎప్పటిలాగే మొదలుపెట్టారు. ఇంటి పునాదిని దీవించమన్నారు, పైకప్పును దీవించమన్నారు, బ్యాంకు వాళ్ళ మనసు మెత్తబరచమన్నారు. వంటింట్లోకి వెళ్ళారు, గరాజ్‌లోకి వెళ్ళారు. హాల్లోకి తిరిగి వచ్చి, టేబుల్ మీద బిర్యానీ ముందు నిలబడి, 'తండ్రీ, ఈ ఆహారమును...' అని ఆగిపోయారు.

మేమంతా కళ్ళు మూసుకుని ఉన్నాం. ఆయన మధ్యలో ఆగడం కొత్త కాదు, ఆత్మలో మునిగితే అలా ఆగుతుంటారు. కాసేపు ఎదురుచూశాం. ఇంకా కాసేపు ఎదురుచూశాం. బిర్యానీ చల్లారుతోంది. జెరెమీ చిన్న కూతురు ఇంగ్లీషులో, ఇంకా దేవుడు వింటున్నాడా అని అడిగింది. వాళ్ళమ్మ దాని నోరు మూసింది. చివరికి పక్కనున్న జ్ఞానమణి ఆంటీ, ఆయన భార్య, మోచేత్తో ఆయన పక్కలో పొడిచింది. ఆయన ఉలిక్కిపడి 'ఆమెన్' అన్నారు. అంతే. యేసు నామం లేదు. కళ్ళు తెరవాలో వద్దో తెలియక సగం మంది అలాగే ఉండిపోయారు.

తినేటప్పుడు అందరూ బిర్యానీ గురించే మాట్లాడారు. మర్నాడు మాత్రం అందరి ఫోన్లూ మోగాయి. ఎందుకంటే రత్నరాజు అంకుల్ పనిచేసే వృద్ధాశ్రమంలో, ఇక్కడ రెస్ట్ హోమ్ అంటారు, ఒక ముసలాయన ఉన్నాడని, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒక్క దేవుడనే త్రిత్వాన్ని ఆయన ఒప్పుకోడని, రోజూ పొద్దున్నే ఇద్దరూ కలిసి ప్రార్థన చేస్తారని అప్పటికే ఎవరికో తెలుసు. రెండూ కలిపి కుట్టేశారు.

నేను అదే రెస్ట్ హోమ్‌లో లాండ్రీలో పనిచేస్తాను. దుప్పట్లు, తువ్వాళ్ళు ట్రాలీలో పెట్టుకుని గది గదికీ తిరుగుతాను కాబట్టి, అక్కడ ఎవరు ఎవరితో ఎలా ఉంటారో నాకు కనిపిస్తుంది.

రత్నరాజు అంకుల్‌ది రేపల్లె దగ్గర. అక్కడ ఆర్టీసీలో కండక్టర్‌గా చేసేవారు. జ్ఞానమణి ఆంటీకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనకాల వచ్చారు. మొదట కివీపండ్ల ప్యాక్‌హౌస్‌లో చేశారు, తర్వాత కోర్సు చదివి కేర్‌గివర్ అయ్యారు. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ మా దగ్గరే. ముసలివాళ్ళను మంచం మీద నుంచి లేపేటప్పుడు ఆయన ఇప్పటికీ 'రైట్, రైట్' అంటారు, బస్సు కదిలించినట్టు. ఆ మాట అక్కడి న్యూజిలాండ్ ముసలమ్మలు కూడా నేర్చుకున్నారు.

ప్రార్థన అంటే ఆయనకు ప్రాణం. టౌరంగా తెలుగువాళ్ళలో ఆయన ప్రార్థన చెయ్యని ఇల్లు లేదు, కారు లేదు, వీసా లేదు. పోర్టులో పనిచేసేవాళ్ళ క్రేన్ల కోసం, తోటల్లో మంచు కురవకుండా ఉండటం కోసం, పాత కార్లు వార్షిక తనిఖీలో పాసవడం కోసం, అన్నీ పేరు పేరునా చెప్పేవారు. భార్గవ్ అని హైదరాబాద్ అబ్బాయి ఉన్నాడు, వినాయకుడి బొమ్మ డాష్‌బోర్డ్ మీద పెట్టుకుని తిరుగుతాడు. అతను కూడా డ్రైవింగ్ టెస్టుకు ముందు ఈయన దగ్గరికి వచ్చి తల వంచేవాడు. అంత పొడుగు ప్రార్థనలో ఎవరైనా కునికితే మాత్రం ఆయన ఊరుకునేవారు కాదు. ప్రభువు ప్రార్థిస్తుంటే గెత్సేమనే తోటలో నిద్రపోయిన శిష్యుల సంగతి అందరి ముందూ గుర్తు చేసేవారు.

ఆ ముసలాయన పేరు బారబాష్. బరబ్బ కాదు. ఇప్పుడు రొమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియా అనే కొండప్రాంతంలో పుట్టాడు, హంగేరీ భాష వాళ్ళు. చదువుకని బుడాపెస్ట్ వెళ్ళి, అక్కడ గొడవలయినప్పుడు పారిపోయి, ఇరవై ఏళ్ళ వయసులో న్యూజిలాండ్ చేరాడు. పోర్టులో కలప ఎక్కించే పనిలో బతుకంతా గడిపాడు. భార్య పోయింది. కొడుకు వెల్లింగ్టన్‌లో ప్రభుత్వ ఉద్యోగం, వీలైనప్పుడు వచ్చి చూసి వెళ్తాడు. బారబాష్ గారికి చెవులు దాదాపు పోయాయి. నోరు మాత్రం బాగా పనిచేసేది.

మొదటిరోజు రత్నరాజు అంకుల్ ఆయనకు గడ్డం గీసి, ప్రార్థన చెయ్యమంటారా అని కాగితం మీద రాసి అడిగారు. సరే అన్నాడు. ఈయన తెలుగులో మొదలుపెట్టి టీ చల్లారేదాకా చేశారు. భాష తెలియకపోయినా పెద్దాయన ఆయన పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. చివర్లో 'యేసు' అన్న మాట దగ్గర చెయ్యెత్తి ఆపేశాడు, ట్రాఫిక్ పోలీసులా. తమ వాళ్ళు అలా చెయ్యరన్నాడు.

"ఆయన చెప్పింది వింటాం. ఆయన తండ్రితో మాట్లాడతాం" అన్నాడట.

రత్నరాజు అంకుల్‌కి ఒళ్ళు మండింది. బయటికి వచ్చి, లాండ్రీ తలుపు దగ్గర నిలబడి, ఆయన ఆపేసిన మాటను పూర్తిచేసి, గట్టిగా ఆమెన్ అని వెళ్ళిపోయారు. అయినా మర్నాడు మళ్ళీ ఆ గదికే వెళ్ళారు. ఎందుకండీ అంటే, పెద్దాయనకు చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి నిలబడి ప్రార్థించిన అలవాటంట, ఇక్కడ ఎవరూ లేరంట, అన్నారు. టౌరంగాలో పెద్దాయన వాళ్ళ సంఘం లేదు. కాబట్టి ఆ గదిలో ఆయన పద్ధతి అని ఒప్పందం కుదిరింది. పెద్దాయన వాకర్ పట్టుకుని నిలబడేవాడు. పొట్టి ప్రార్థన, నేరుగా దేవుడికి, ఆమెన్. ఆ తర్వాత వాదన. పెద్దాయన అరిచేవాడు, ఈయన పలక మీద రాసి చూపించేవారు. నేను దుప్పటి మార్చడం పూర్తయినా వాళ్ళ వాదన పూర్తయ్యేది కాదు. ఇద్దరూ బాగా నవ్వుకునేవారు కూడా.

ఆ గదిలోనే నేను మొదటిసారి ఫెరెన్స్ దావీద్ అనే పేరు విన్నాను. పెద్దాయన పుట్టిన ప్రాంతంలోనే, నాలుగున్నర వందల ఏళ్ళ కిందటి బోధకుడు. మొదట కేథలిక్ గురువు, తర్వాత లూథరన్, ఆ తర్వాత కాల్విన్ పద్ధతి, చివరికి దేవుడు ఒక్కడే, ముగ్గురు కాదు అన్నచోట ఆగాడు. లేఖనాలు చదివేకొద్దీ మనిషి జరుగుతూ పోయాడు. అక్కడి రాజు ముందు రోజుల తరబడి వాదించాడు. ఆయన ఒక బండరాయి ఎక్కి బోధిస్తే ఊరంతా ఒక్కరోజులో మారిపోయిందని వాళ్ళ ఊళ్ళల్లో చెప్పుకుంటారట. అది కథే అయి ఉంటుందని పెద్దాయనే నవ్వేవాడు. కానీ ఏ ఊరివాళ్ళకు నచ్చిన బోధకుణ్ణి వాళ్ళు ఉంచుకోవచ్చు, బోధ నచ్చలేదని ఎవరినీ బాధపెట్టకూడదు అని తోర్దా అనే ఊళ్ళో పెద్దలు చట్టం చేసింది మాత్రం నిజం. ఆ తర్వాత రాజు పోయాడు, ఏలేవాళ్ళు మారారు. ప్రార్థన తండ్రికే చెయ్యాలి, క్రీస్తుకు కాదు అన్నందుకు దావీద్‌ను దేవా అనే ఊరి కొండమీది కోటలో బంధించారు. అక్కడే పోయాడు. చిన్నప్పుడు బడి పిల్లలతో ఆ కొండ ఎక్కానని, పైన ఎవరో రొట్టె పంచారని, తనకు దావీద్ కంటే ఆ రొట్టే బాగా గుర్తుందని పెద్దాయన అనేవాడు. కొడుక్కి ఫెరెన్స్ అనే పేరు పెట్టుకున్నాడు. వెల్లింగ్టన్ ఆఫీసులో వాళ్ళు ఫ్రాంక్ అంటారట.

తనను మట్టిలో పెట్టే రోజున తన పద్ధతిలో ప్రార్థన చెయ్యాలని పెద్దాయన అడిగాడు. రత్నరాజు అంకుల్ మాటిచ్చారు.

ఇక జెరెమీ ఇంటి సంగతి తర్వాతి ఆదివారం కూడికలో తేల్చాలన్నారు. మా సహవాసం ఒక స్కూల్ హాలు అద్దెకు తీసుకుని జరుగుతుంది. పాస్టర్ గారు ఆక్లండ్ నుంచి నెలకోసారి వస్తారు. మిగతా రోజుల్లో పెద్ద దిక్కు సీతారత్నం గారు. గుంటూరు వైపు మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి, కొడుకు దగ్గరికి వచ్చారు. ఆవిడ కుర్చీ వెనక్కి లాగితే మేమంతా నిటారుగా కూర్చుంటాం. టీ, మిరపకాయ బజ్జీలు అయ్యాక ఆవిడ రత్నరాజు అంకుల్‌ని ముందుకు పిలిచారు.

"ఆ పెద్దాయన దగ్గర యేసు నామం లేకుండా ప్రార్థన చేస్తున్నావంట. నిజమేనా రత్నరాజూ?"

"నిజమేనండి."

"ఎందుకు చేస్తున్నావు?"

"ఆయన గది కదండీ, అమ్మగారూ."

"మరి మా ఇల్లు మాది కదా అంకుల్" అన్నాడు జెరెమీ. వెనక వరుసలో ఎవరో నవ్వారు. రత్నరాజు అంకుల్ చెవులు ఎర్రబడ్డాయి. జ్ఞానమణి ఆంటీ ఏదో అనబోతే చేత్తో ఆపారు.

కొంచెం పులిసిన పిండిలా దుర్బోధ ముద్దంతా పులిపిస్తుందని సీతారత్నం గారు చాలాసేపు చెప్పారు. రత్నరాజు అంకుల్ కూడా దావీద్ గురించి, ఆ కోట గురించి చెప్పారు. ఆయన బోధ తనకు సరిపడదన్నారు. త్రిత్వంలోనే పుట్టాను, త్రిత్వంలోనే పోతాను అన్నారు. కానీ ప్రార్థన చేసే పద్ధతి కోసం ఒక మనిషిని ఒంటరిగా వదిలెయ్యడం తన వల్ల కాదన్నారు. అప్పుడు ఆవిడ తేల్చి చెప్పారు. ఆ గదిలో ప్రార్థన మానెయ్యాలి, లేదా సంఘంలో ప్రార్థన నడిపించడం మానెయ్యాలి.

రత్నరాజు అంకుల్ చేతులు కట్టుకున్నారు. "పెద్దాయనకి మాటిచ్చానండి. ఇక్కడ మీకు చాలామంది ఉన్నారు" అన్నారు.

అలా మా మధ్య ఆయన ప్రార్థన ఆగిపోయింది. ఆదివారాలు ఆఖరి వరుసలో కూర్చునేవారు. లాండ్రీ వైపు వస్తే 'రైట్, రైట్' అనడం కూడా మానేశారు. అందుకు నాకు దిగులేసింది.

సంఘంలో ఆయన బదులు జెరెమీ ఫోన్ చూసి చదివేవాడు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాడిలా చదివేవాడు. పోర్టూ లేదు, తోటలూ లేవు, ఎవరి పేరూ లేదు. పొట్టిగా ఉందని మొదట సంతోషించినవాళ్ళే, తర్వాత మా అబ్బాయి వీసా సంగతి దేవుడికి ఎవరు చెప్తారని గొణిగారు. ఒకరి కారు తనిఖీలో ఫెయిలయింది. భార్గవ్ డ్రైవింగ్ టెస్ట్ తప్పాడు. అతను నేరుగా సీతారత్నం గారి ఇంటికెళ్ళి, మీ మధ్య తగాదాకి నా లైసెన్స్ పోయింది ఆంటీ అని చెప్పి, టీ తాగి వచ్చాడు. హిందువుల పిల్లవాడు వచ్చి క్రైస్తవ ప్రార్థన గురించి తనను నిలదీయడం ఆవిడకు ఎలా తీసుకోవాలో తెలియలేదట.

చలికాలం వచ్చింది. ఒకరోజు మందులిస్తూ జ్ఞానమణి ఆంటీ నోరు ఆపుకోలేక, జరిగినదంతా కాగితం మీద రాసి బారబాష్ గారికి చూపించింది. ఆయన చదివి, కాగితం మడిచి, వచ్చే ఆదివారం తన కోటు ఇస్త్రీ చెయ్యమని నాకు పంపాడు.

రెస్ట్ హోమ్ వ్యాన్‌లో చక్రాల కుర్చీతో సహా ఆయన్ని హాలుకు తెచ్చారు. రత్నరాజు అంకుల్‌కి ముందు తెలియదు. చూడగానే లేచి నిలబడ్డారు. పెద్దాయన ఆయనవైపు చూడనే లేదు. సీతారత్నం గారి ముందు కుర్చీ ఆపించుకుని, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, హాలంతటికీ వినపడేలా ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మీ మనిషి మీద ఫిర్యాదు చెయ్యడానికి వచ్చానన్నాడు.

"ఏడాదిగా ఇతన్ని మార్చాలని చూస్తున్నాను. ఒక్క అంగుళం కదల్లేదు. నా గదిలో నా పద్ధతిలో ముగిస్తాడు. తర్వాత తలుపు దగ్గరికి పోయి పెదవులు కదుపుతాడు. నాకు చెవులే పోయాయి, కళ్ళు పోలేదు. ఇతన్ని నేను మార్చేశానని మీరంటున్నారట. ఆ గౌరవం నాకు దక్కలేదు."

హాలంతా నవ్వింది. సీతారత్నం గారు నవ్వలేదు. జ్ఞానమణి ఆంటీ పలక అందిస్తే, మరి ఇతనితో ఇంకా ఎందుకు చేయించుకుంటున్నారు అని గుండ్రటి అక్షరాల్లో రాశారు.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఇంకెవరున్నారు? నాతో నిలబడతాడు. నన్ను మట్టిలో పెట్టేరోజున కూడా నిలబడతానన్నాడు. నా కోసం మీరు ఇతన్ని దూరం పెడితే, నేనే వద్దనాలి. అప్పుడు ఇంకొకర్ని వెతుక్కోవాలి. తొంభై దగ్గర పడ్డాను అమ్మా, వెతకలేను."

ఆవిడ పలకను కొంగుతో తుడిచారు. తర్వాత, యేసు నేర్పిన పరలోక ప్రార్థన మీ భాషలో చెప్తారా అని రాశారు. ఆయన వాకర్ తెమ్మన్నాడు. రత్నరాజు అంకుల్ పరుగున వచ్చి చంకల కింద చేతులు వేసి లేపారు. పెద్దాయన తన భాషలో, మేము తెలుగులో, ఒకేసారి మొదలుపెట్టాం. ఆయనది ముందు అయిపోయింది. రాజ్యము, శక్తి, మహిమ అని మేము చివరికి వచ్చేదాకా ఆయన మా పెదవులు చూస్తూ ఆగాడు. ఆమెన్ అందరం కలిసి అన్నాం.

కూర్చోబెట్టాక సీతారత్నం గారు రత్నరాజు అంకుల్‌ని పిలిచారు.

"వచ్చే ఆదివారం ప్రార్థన నీది. ఇక్కడ మన పద్ధతి. ఆయన గదిలో ఆయన పద్ధతి. మట్టి దగ్గర ఎవరి మట్టో వాళ్ళ పద్ధతి. పాస్టర్ గారికి నేను చెప్పుకుంటాను."

"అలాగేనండి."

"కొంచెం పొట్టిగా చెయ్యి" అన్నారు. ఆ ఒక్కమాట మాత్రం ఆయన వినలేదు. తర్వాతి ఆదివారం పోర్టు, తోటలు, వీసాలు, భార్గవ్ లైసెన్స్, అన్నీ కలిపి బాకీ తీర్చినట్టు చేశారు. భార్గవ్ రెండోసారి పాసయ్యాడు.

వసంతం మొదట్లో, కివీతోటలు చిగురించే రోజుల్లో, బారబాష్ గారు నిద్రలోనే పోయారు. శ్మశానంలో వాళ్ళ కొడుకు ఫెరెన్స్, పోర్టులో ఆయనతో పనిచేసిన ఇద్దరు ముసలివాళ్ళు, మిగతా అంతా మా తెలుగువాళ్ళే. గాలి బాగా ఉంది, ఆడవాళ్ళం చీర కొంగులు పట్టుకుని నిలబడ్డాం. రత్నరాజు అంకుల్ టై కట్టుకుని వచ్చారు. దేవుడొక్కణ్ణే పిలిచారు. ఈ మనిషిని ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పారు, తిరిగి తీసుకొమ్మన్నారు. నాలుగు మాటలు. ఆ గదిలో కూడా ఆయన అంత పొట్టిగా చెయ్యడం నేను చూడలేదు. ఆ మాటలు ఆగగానే, ఎవరూ తడబడకముందే, సీతారత్నం గారు అందరికంటే ముందు ఆమెన్ అన్నారు.

తర్వాత హాల్లో భోజనాలు. ఫెరెన్స్ గారు పులిహోర రెండుసార్లు వడ్డించుకుని, మా నాన్న మీ గురించి ఫోన్లో తిడుతుండేవాడు, చాలా సంతోషంగా తిట్టేవాడు, అని రత్నరాజు అంకుల్ చెయ్యి పట్టుకున్నాడు. అంకుల్ కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం పులిహోర వేశారు.

నేనూ జ్ఞానమణి ఆంటీ వెనక సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాం. జెరెమీ ఇంట్లో ఆ రోజు పెద్దాయన అలవాటు నోటికి వచ్చేసిందా ఆంటీ అని అడిగాను. ఆమె కుళాయి కట్టేసి నా వైపు చూసి, నవ్వాపుకోలేక సింకు అంచు పట్టుకుంది. పెద్దాయన పద్ధతీ లేదు, ఏదీ లేదంది. అందరితో అసలు సంగతి చెప్పేద్దామంటే అంకుల్ ఒప్పుకోలేదట. మొదట సిగ్గుపడ్డారు, దుర్బోధకుడన్నా పడతాను గానీ ఇది మాత్రం బయటికి రాకూడదన్నారట. తర్వాత హాల్లో వాళ్ళు పెద్దాయన గురించే అడిగారు. అప్పుడు ఇది చెప్పి తప్పించుకుంటే పెద్దాయన్ని దాచినట్టవుతుందని ఊరుకున్నారట.

ఎవరో సెలవు పెట్టడంతో రత్నరాజు అంకుల్ ఆ ప్రార్థనకు ముందురోజు రెండు షిఫ్టులు వరుసగా చేసి వచ్చారు. జెరెమీ కొత్త ఇంట్లో, బిర్యానీ ముందు, ప్రార్థన మధ్యలో ఆయన నిలబడే నిద్రపోయారు.